ముసాయిదా దామోదరన్న

మా కాంపౌండులో ఎవరికీ సొంత పేరు మిగలదు. నీళ్ల మోటరు తాళం నడుముకు దోపుకుని తిరిగే ఓనరమ్మ రత్నకుమారి గారు 'మోటరమ్మ'. మా ఆయన నరేందర్ షార్జాలో పనిచేస్తాడు కాబట్టి నేను 'షార్జా మానస'. ఇవన్నీ వెనకాల అనుకునే పేర్లు. ఎదురుగా పిలిచినా పలికే పేరు ఒక్క దామోదరన్నదే. నాచారం ఇండస్ట్రియల్ ఏరియా వెనక మా గల్లీలోకి వచ్చి దామోదర్ ఇల్లెక్కడ అని అడిగితే ఏ దామోదర్ అంటారు. 'ముసాయిదా' ఇల్లెక్కడ అంటే వెంట వచ్చి మరీ దింపి పోతారు.

కొత్తగా అద్దెకు దిగినవాళ్లు ఆయన్ని ముస్లిం అనుకుంటారు. రంజాన్‌కు సేమ్యా పంపుతాడని ఎదురుచూసిన మహానుభావులు కూడా ఉన్నారు. ఆ పేరు ఎలా వచ్చిందని అడిగితే ఆయన నవ్వుతూ చెబుతాడు. కాకపోతే తన తప్పు ఒక్కటే చెప్పి, చేసిన మేలు మింగేస్తాడు. నాకది నచ్చదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, సగం చెప్పిన మాట వింటే అసలు ఊరుకోలేను. అందుకే మొత్తం నేనే చెబుతున్నాను.

దామోదరన్నది జనగామ దగ్గర పల్లె. రేకు డబ్బాలు చేసే కంపెనీలో మిషన్ మీద పని. ఆ చప్పుడులో పనిచేసేవాళ్లంతా గట్టిగానే మాట్లాడతారు గానీ ఈయన మరీ గట్టిగా మాట్లాడతాడు. పడుచుతనంలో ఊళ్లో చిరుతల రామాయణం ఆటలో రాజు వేషం కట్టేవాడట. మైకు అక్కర్లేని గొంతు. పట్నం వచ్చాక ఆ గొంతుకు వేషం దొరకలేదు, పేపరు దొరికింది.

మా గల్లీ మొదట్లో తారామణక్క టీ బండి ఉంది. పొద్దున డ్యూటీలకు పోయేముందు అందరూ అక్కడ చేరతారు. బండికి వచ్చే పేపరు ఒక్కటే. దామోదరన్న నిలబడి చదువుతాడు, మిగతావాళ్లు గ్లాసులు పట్టుకుని వింటారు. చదువు రాక కాదు. నేను ఇంటర్ పాసయ్యాను, నరేందర్ ఐటీఐ చేశాడు. అయినా ఆయన చదువుతుంటే వినడంలో ఉన్న సుఖం వేరు. ఉల్లిగడ్డ ధర పెరిగిందన్న వార్తను కూడా రాజ్యం పోగొట్టుకున్నవాడిలా చదివేవాడు. మధ్యాహ్నానికి తారామణక్క ఆ పేపరునే చింపి మిర్చీబజ్జీలు కట్టేది కాబట్టి, మళ్లీ ఒకసారి చూసుకుందామన్నా దొరికేది కాదు.

ఆయన చదువులో ఒక్కటే లోపం. నోరు తిరగని మాట వస్తే ఆగడు. ఒక దగ్గు దగ్గి దాటేస్తాడు. ఆ దగ్గు వినబడిందంటే అక్కడేదో పెద్ద సంస్కృతం మాట ఉందని నాకు అర్థమయ్యేది. ఒక్కోసారి వరుసగా దగ్గేవాడు. "జలుబు జేసిందా అన్నా?" అని నేను ఏడిపిస్తే, "ఇయ్యాల పేపరుల దుమ్ము బాగున్నది చెల్లె" అనేవాడు.

రెండు వేల తొమ్మిది జూలైలో నరేందర్ సెలవు మీద వచ్చాడు. పెద్ద బిల్డింగుల్లో ఏసీ గాలి పోయే రేకు గొట్టాలు బిగించడం ఆయన పని. ఆ ఏడు గల్ఫులో కట్టే బిల్డింగులు కట్టేచోటే ఆగిపోయాయి. కంపెనీవాళ్లు వీసా అలాగే ఉంచుతాం, నాలుగు నెలలు ఇంటికి పోయి రండి, జీతం మాత్రం అడగకండి అన్నారు. తోటివాళ్లంతా తల పట్టుకున్నారట. నేను మాత్రం సంతోషపడ్డాను. పెళ్లయినప్పటి నుంచి ఆయన నా దగ్గర అన్ని రోజులు వరుసగా ఉన్నదే లేదు.

మా సంగతి సరే, పాప సంగతి వేరు. హిమజ పుట్టినప్పుడు సెలవు మీద వచ్చి, దానికి మెడ నిలవకముందే విమానం ఎక్కాడు. ఇప్పుడు దానికి రెండున్నరేళ్లు. దానికి తెలిసిన నాయిన ఫోన్‌లో గొంతు. "నాయిన ఏడున్నడే?" అని ఎవరడిగినా సెల్‌ఫోన్ చూపించేది. మనిషి ఇంటికొచ్చి చాప మీద కూర్చుంటే ఆయన్ని చుట్టి అవతలికి పోయి, ఫోన్ చెవికి పెట్టుకుని "నాయినా, నాయినా" అని పిలిచేది. కాంపౌండులో మగవాళ్లందరినీ పిలిచినట్టే ఆయన్నీ 'మామ' అనేది. షార్జా నుంచి తెచ్చిన బొమ్మను ఆయన చేతిలోంచి తీసుకోలేదు. నేను తీసుకుని ఇస్తే పట్టుకుంది.

ఒకరోజు అన్నం తింటుంటే నన్ను అడిగింది, "మామ ఎప్పుడు పోతడు?" అని. నరేందర్ నవ్వాడు. చెయ్యి కడుక్కోవడానికి బాత్‌రూములోకి పోయి నల్లా తిప్పి చాలాసేపు బయటికి రాలేదు. నాకు ఆ నల్లా చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఆగస్టులో ఒక పొద్దున దామోదరన్న పేపరు దులిపి మొదటి పేజీ అందుకున్నాడు. "ప్రత్యక్ష పన్నుల కోడ్... ముసాయిదా విడుదల!"

ఆ మాట దగ్గర దగ్గకపోవడమే కొంప ముంచింది. ముసాయిదా అన్న మాట నోరు బాగానే తిరుగుతుంది కదా, దర్జాగా పలికేశాడు.

"ఎవలన్నా గీ ముసాయిదా?" అని అడిగాడు ఉప్పలయ్య. ఆయన దామోదరన్న కంపెనీలోనే పక్క మిషన్ మీద పనిచేస్తాడు, మా కాంపౌండులోనే ఉంటాడు.

తెలియదు అనడం దామోదరన్నకు అప్పటికి అలవాటు లేదు. "ఢిల్లీల పెద్ద ఆఫీసరు. ఏదో కేసుల లోపలేసినట్టున్నరు. ఇప్పుడు ఇడిసిపెట్టిన్రు. విడుదల అని రాసిండ్రు గద. బయటికొచ్చుడుతోనె కోడ్ తెచ్చిండు."

"కోడేంది? ఎలక్షన్లు మొన్ననే అయిపాయె గద?" అంది తారామణక్క, టీ వడగడుతూ.

"గది ఓట్ల కోడ్. గిది పన్నుల కోడ్. ఇనుండ్రి."

అందరం విన్నాం. జీతగాళ్లు ఏళ్ల తరబడి దాచుకున్న పీఎఫ్ తీసుకునేటప్పుడు ఇక పన్ను కట్టాలట. ఒక దగ్గు. ఉప్పలయ్య బీడీ ఆర్పేశాడు. ఆ తర్వాత బయటి దేశాల్లో పనిచేసేవాళ్ల ముచ్చట. ఇప్పటిదాకా ఏడాదిలో ఆరు నెలలలోపు ఎన్నాళ్లు ఇంటి దగ్గరున్నా వాళ్ల అక్కడి సంపాదనను ఇక్కడివాళ్లు అడిగేది లేదు. ఇకపై అరవై రోజులు దాటితే... దగ్గు... ఒక పొడుగు దగ్గు... అక్కడి ఆదాయం మీద కూడా ఇక్కడ పన్ను కట్టాల్సిందే.

నరేందర్ చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. "రెండు నెలలేనా బావా?" అన్నాడు. నేను దామోదర్‌ను అన్న అంటాను కాబట్టి ఆయనకు బావ.

"గంతే బావా. ముసాయిదా సాబ్ మస్తు కఠినం మనిషి లెక్కున్నడు."

ఆ పూట నుంచి మా ఇంట్లో మనశ్శాంతి పోయింది. నరేందర్ షార్జా రూములో ఉన్నవాళ్లకు ఫోన్ చేశాడు. అక్కడా అదే గుబులు. ఎవరికీ పూర్తిగా తెలియదు, అందరికీ భయం మాత్రం పూర్తిగా ఉంది. రెండు నెలలు నిండకముందే వెళ్లిపోతానన్నాడు. పని లేకున్నా సరే, ఇంకో సైటులో కూలీకైనా పోతానన్నాడు.

"కంపెనీయే నాలుగు నెలలు ఉండమంటె నువ్వు ఉరుకుడేంది?" అన్నాను.

"ఎండల ఎండి సంపాదించిన. సగం అటిచ్చి సగం ఇటిస్తె నీకు, పోరికి ఏం మిగులుతది?"

"మాకు నువ్వు మిగులుతవు."

ఆయన తల దించుకున్నాడు. చిన్నగా అన్నాడు, "నేనుంటె ఏంది మానసా, పోతె ఏంది? అది నన్ను దగ్గరికే రానిస్తలేదు. నన్ను సుట్టమనుకుంటున్నది."

అసలు సంగతి అప్పుడు తెలిసింది నాకు. పన్ను భయం నిజమే. కానీ బిడ్డ ముందు పరాయివాడిలా కూర్చోలేక, పోవడానికి ఏదో ఒక కారణం దొరికితే చాలన్నట్టున్నాడు. ఇప్పుడు పోతే మళ్లీ రెండేళ్లకు వస్తాడు. అప్పటికి దానికి బడి, నేస్తులు, దాని లోకం దానికి ఉంటాయి. ఈయన ఫోన్‌లోనే ఉండిపోతాడు.  ఎవరో తెలియని ఆ ముసాయిదాను రోజూ తిట్టుకున్నాను. నా తిట్లకు బలం ఉంటే ఢిల్లీలో ఆయనకు అన్నం సయించేది కాదు.

ఉప్పలయ్య ఇల్లు కూడా అలాగే ఉంది. కోడ్ రాకముందే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి పీఎఫ్ మొత్తం తీసేసుకుంటానని, దానితో ఘట్‌కేసర్‌లో చిన్న ప్లాటు కొంటానని పట్టుబట్టాడు. ప్లాటు మాట కాయితం మీద పెట్టించడానికి ఉప్పల్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందుండే దస్తావేజులు రాసే పెద్దాయన సీతారామయ్య గారి దగ్గరికి పోయాడు. సాక్షిగా దామోదరన్నను వెంటబెట్టుకున్నాడు. సరిగ్గా ఆ రోజే నరేందర్ టికెట్ తేదీ ముందుకు జరిపించుకోవడానికి లాలాపేట్‌లో ట్రావెల్స్ దుకాణానికి బయలుదేరాడు.

ఉప్పల్‌లో జరిగింది నాకు ఉప్పలయ్య చెప్పాడు. దామోదరన్న చెబితే తన ముఖం ఎలా మారిందో దాచేవాడు.

సీతారామయ్య గారు గుంటూరు వైపు మనిషి. తెల్ల కాయితం మీద రాసింది ఉప్పలయ్య చేతిలో పెట్టి, "ఇదిగోనండి ముసాయిదా. తీరిగ్గా చదువుకోండి" అన్నారు.

దామోదరన్న ఉలిక్కిపడి వెనక్కి చూశాడట, ఎవరైనా వచ్చి నిలబడ్డారేమోనని. "ఎవరయ్యగారూ? ఏడున్నడు?"

"ఎవరేమిటయ్యా, నీ కళ్ల ముందే ఉందిగా. ముసాయిదా అంటే చిత్తు ప్రతి. తప్పులుంటే కొట్టేస్తాం, మారుస్తాం, అసలు వద్దనుకుంటే చింపి పారేస్తాం. మీరంతా ఒప్పుకున్నాకే స్టాంపు కాయితం మీదకు ఎక్కుతుంది."

"అంటె మనిషి గాదా?"

సీతారామయ్య గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారట. "మనిషేమిటయ్యా!"

"మరి విడుదల అని రాసిండ్రు గద పేపరుల?"

"విడుదలంటే జైల్లోంచే కావాలా? జనం చూసి మంచిచెడ్డలు చెబుతారని ముందుగా బయటపెడతారు. పేపర్లో వచ్చిన ఆ పన్నుల సంగతేనా? అది ముసాయిదాయే. చట్టం కావడానికి ఇంకా బోలెడు తతంగం ఉంది."

దామోదరన్న ముఖంలో నెత్తురు చుక్క లేదన్నాడు ఉప్పలయ్య. ఇక్కడే నేను ఆగి ఒక మాట చెప్పాలి. ఆయన అప్పుడు నోరు మూసుకుని ఊరుకోవచ్చు. ఎవరికీ చెప్పొద్దని ఉప్పలయ్య చెవిలో ఒక మాట వేసి ఆ రాజీనామా ఆపిస్తే సరిపోయేది. నరేందర్ వెళ్లిపోయేవాడు, ఎందుకు వెళ్లాడో ఎవరూ తిరిగి చూసేవారు కాదు, మర్నాడు మళ్లీ టీ బండి దగ్గర ఆ గొంతుకు ఆ మర్యాద ఉండేది. ఆ మర్యాద తప్ప ఆయనకు పెద్దగా ఆస్తులేమీ లేవు. ఆయన ఊరుకోలేదు. కాయితం అక్కడే వదిలేసి రోడ్డు మీదికి ఉరికాడు.

నరేందర్ ఫోన్ ఇంట్లో ఛార్జింగులో ఉంది. మోగితే నేనే ఎత్తాను.

"చెల్లె! ముసాయిదా మనిషి గాదు! కాయితం! ఉత్త కాయితం!"

"ఏమైందన్నా? ఎండ దెబ్బ తాకిందా?"

"నరేందర్ ఏడున్నడు?"

"లాలాపేట్ వొయిండు, టికెట్ కోసం."

"ఆపు! పైసలు కట్టనియ్యకు! నేనొస్తున్న!"

నాకు ముక్క అర్థం కాలేదు. ఆపు అన్న మాట ఒక్కటి అర్థమైంది, నాకు కావలసింది అదే. హిమజను చంకనేసుకుని ఆటో ఎక్కాను. లాలాపేట్‌లో బ్రిడ్జి దగ్గర ఆ ట్రావెల్స్ దుకాణం. నరేందర్ డబ్బులు బల్ల మీద పెట్టి ఉన్నాడు, దుకాణపాయన ఫోన్‌లో తేదీ మాట్లాడుతున్నాడు. నేను పోయి మా ఆయన చొక్కా పట్టుకున్నాను.

"లే. కట్టకు."

"ఏమైందే? పాపకేమన్న అయిందా?"

"పాపకేం కాలె. ముసాయిదా మనిషి గాదంట."

దుకాణపాయన ఫోన్ పక్కన పెట్టి మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. ఇంతలో ఆటో దిగి దామోదరన్న, ఆయన వెనక ఉప్పలయ్య. దామోదరన్న చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. లోపలికి వస్తూనే అందరి ముందు అన్నాడు, "బావా, నేను తప్పు జదివిన."

ఆ నోటి వెంట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

జరిగిందంతా చెప్పాడు. నరేందర్ నమ్మలేదు. "ఆ పొద్దు ఒక తీరు జెప్తివి, ఇయ్యాల ఒక తీరు జెప్పవడ్తివి. ఏది నమ్మాలె బావా? రేపు ఇంకో తీరు జెప్తె?"

దామోదరన్న బయటికి నడిచాడు. పక్కన సెలూన్ ఉంటే అందులోకి పోయి, గడ్డం గీసి కత్తి తుడుచుకోవడానికి పెట్టుకున్న పాత పేపర్ల కట్ట మొత్తం తిరగేశాడు. అడుగున ఆ నాటి పేపరు దొరికింది. దాన్ని పట్టుకుని దుకాణం గుమ్మంలో నిలబడి మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఈసారి ఎక్కడా దగ్గలేదు. నోరు తిరగని మాట వస్తే ఆగి, చిన్నపిల్లవాడిలా కూడబలుక్కున్నాడు. "ప్ర... తి... పా... ద... న." అర్థం కాకపోతే దుకాణపాయన్నే అడిగాడు. "మినహాయింపు అంటె ఏందన్నా? ఇడిసిపెట్టుడేనా?"

అలా చదివితే తెలిసింది, ఆ దగ్గుల కింద ఏమేమి పోయాయో. అరవై రోజులు దాటడం ఒక్కటే కాదు, అంతకుముందు నాలుగేళ్లలో అంతా కలిపి ఏడాదికి తక్కువ కాకుండా ఇక్కడ ఉండి ఉంటేనే ఆ లెక్కలోకి వస్తారట. నరేందర్ ఆ నాలుగేళ్లలో ఇంటి దగ్గరున్నది రెండు సెలవులు. పీఎఫ్‌లో అప్పటిదాకా పోగైనదానికి మినహాయింపు ఉందట. పైగా ఇదంతా చట్టమైతేనే, అదైనా ఇంకా రెండేళ్లకు. ఉప్పలయ్య జేబులోంచి రాజీనామా కాయితం తీసి నాలుగు ముక్కలు చేశాడు.

నరేందర్ మాత్రం అలాగే కూర్చున్నాడు. "సరే బావా. పన్ను లేదు. అయినా ఉండి ఏం జెయ్యాలె? కన్న బిడ్డ మామ అంటది నన్ను."

నాకు ఏడుపొచ్చింది. దామోదరన్నకు కోపం వచ్చింది.

"అంటె ఏందిరా బావా? నువ్వు గూడ గిప్పుడు ముసాయిదా నాయినవే. అది కొట్టేస్తది, దిద్దుతది, మల్ల రాస్తది. స్టాంపు కాయితం మీద ఎక్కాల్నంటె దాని ముంగట ఉండాలె గద! పెట్టె పట్టుకొని ఉరికితె ఎట్ల ఖాయమైతవ్?"

దుకాణపాయన నవ్వాడు. ఆ నవ్వుకు హిమజ కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది. నరేందర్ దాని ముఖం చూసి, బల్ల మీది డబ్బులు తీసి జేబులో పెట్టుకున్నాడు. "పా, ఇంటికి పోదాం" అన్నాడు నాతో.

మర్నాడు టీ బండి దగ్గర దామోదరన్న పేపరు తీసేముందే, తాను చదివింది తప్పని, ముసాయిదా అనే ఆఫీసరు ఎక్కడా లేడని, అది చిత్తు ప్రతి అని అందరికీ చెప్పాడు. మధ్యాహ్నం కంపెనీ క్యాంటీన్‌లో మళ్లీ చెప్పాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. జైలు నుంచి విడుదలైన ముసాయిదా సాబ్ ఇప్పుడెక్కడున్నాడని వారం రోజులు అడిగారు. ఆయన భార్య సారలమ్మ వదిన అగ్గిమీద గుగ్గిలమైంది. "ఎవలన్న అడిగిన్రా నిన్ను? నీ ఇజ్జత్ నువ్వే తీసుకుంటివి!"

"నలుగుట్ల తప్పు జదివితిని, నలుగుట్లనె జెప్పొద్దా?" అని అన్నం ముందు కూర్చున్నాడట. పేరు మాత్రం ఆ వారంలోనే అతుక్కుపోయింది. ఆయన దానికి ఒక్కరోజు కూడా ముఖం మాడ్చుకోలేదు. పేపరు చదవడమూ మానలేదు. కాకపోతే దగ్గు పోయింది. తెలియని మాట వస్తే ఆగి, "గిదేందో ఎవలకన్న ఎర్కనా?" అని అడుగుతాడు. ఎవరికీ తెలియకపోతే మా అందరికంటే ఎక్కువ చదువుకున్న మోటరమ్మను అడిగి వస్తాడు. దానితో మాకందరికీ కాస్త చదువు వచ్చింది.

ఆ ముసాయిదా సంగతి కూడా చెప్పి ముగిస్తాను, లేకపోతే మీకు గుబులుగా ఉంటుంది. మరుసటి ఏడు దాన్ని దిద్దినప్పుడు పీఎఫ్ మీద పన్ను మాట తీసేశారు. ఉప్పలయ్య ఆ పూట అందరికీ టీ ఇప్పించాడు. అరవై రోజుల మాట ఇంకొన్నాళ్లు అటూ ఇటూ నలిగింది. చివరికి రెండు వేల పద్నాలుగులో పాత పార్లమెంటుతో పాటే ఆ కోడ్ బిల్లుకు కాలం చెల్లిపోయింది. అదే ఎండాకాలం మాకు రాష్ట్రం వచ్చింది. రెండు వార్తలూ చదివింది దామోదరన్నే. రాష్ట్రం వార్త చదువుతుంటే ఆ గొంతు బహుశా హబ్సిగూడ దాకా వినబడి ఉంటుంది.

కానీ నేను చెప్పాలనుకున్నది చట్టం సంగతి కాదు.

లాలాపేట్ నుంచి వచ్చిన తర్వాత నరేందర్ పాపను బుజ్జగించడం మానేశాడు. దాని ఎదురుగా ఊరికే ఉండటం మొదలుపెట్టాడు. దామోదరన్న కంపెనీలో పనికిరాని రేకు ముక్కలు అడిగి తెచ్చి ఇచ్చేవాడు. నరేందర్ గడప ముందు కూర్చుని, కత్తిరించి, అంచులు గుచ్చుకోకుండా మడిచి, చిన్న చిన్న బండ్లు, పెట్టెలు చేసేవాడు. రేకు మడవడం ఆయనకు చేతిలో పని. హిమజ మొదట తలుపు వెనక నుంచి చూసేది. తర్వాత తలుపు బయటికి వచ్చి చూసింది. బతుకమ్మ వచ్చేసరికి పక్కన కూర్చుని రేకు ముక్కలు అందించడం మొదలుపెట్టింది. పిలవడం మాత్రం 'మామ' అనే.

బతుకమ్మ రోజుల్లోనే ఒక సాయంత్రం. ఆడవాళ్లమంతా కాంపౌండు మధ్యలో పూలు పేరుస్తున్నాం. మోటరమ్మ మనవడు ధీరజ్ వచ్చి రేకు బండి దగ్గరగా చూడాలని నరేందర్ ఒళ్లో ఎక్కి కూర్చున్నాడు. నా పక్కన గునుగు పూలు తుంచుతున్న హిమజ అది చూసింది. పూలు కింద పడేసి ఉరికింది. వాణ్ని రెండు చేతులతో కిందికి తోసి, "లే! గీయన మా నాయిన!" అంది. అని ఖాళీ అయిన ఒళ్లో కూర్చుని, ఇంకెవరైనా వస్తారేమోనని చుట్టూ కోపంగా చూసింది. దానికి నా కోపమే వచ్చింది.

నరేందర్ చేతిలో కత్తెర అలాగే ఉంది. కదిలితే ఎక్కడ లేచిపోతుందోనని ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాడు. నేను తల వంచుకుని పూలు పేర్చాను, ఏ పూవు ఎక్కడ పెట్టానో నాకే తెలియదు. సారలమ్మ వదిన నా వీపు మీద చెయ్యి వేసింది. ఆ రోజు తర్వాత హిమజ ఫోన్ పట్టుకుని నాయినను వెతకలేదు.

మరుసటి ఏడు రాఖీ పండక్కి, సొంత అన్నల కంటే ముందు దామోదరన్నకు కట్టాను. ఇప్పటికీ ముందు ఆయనకే కడతాను. బతుకమ్మ సద్దుల్లో మొదటి పళ్లెం కూడా ఆయనింటికే పోతుంది. అంతకు మించి ఏం చేసినా ఆ రుణం తీరదు, తీరాలని కూడా నాకు లేదు. ఉంటేనే బాగుంది.

నవంబరులో కంపెనీ పిలిచింది. నాలుగు నెలలూ నిండుగా ఉండి నరేందర్ బయలుదేరాడు. ఉప్పల్ చౌరస్తా దాకా మేమంతా పోయాం. అంతకుముందు ఆయన పోయినప్పుడు హిమజ నా ఒళ్లో నిద్రపోతూ ఉంది, తండ్రి పోయినట్టు దానికి తెలియనే తెలియదు. ఈసారి ఎయిర్‌పోర్టుకు పోయే బండిలో పెట్టె పెట్టేసరికే అర్థమైంది దానికి. ఆయన మెడ పట్టుకుని వదల్లేదు. దామోదరన్న వచ్చి మెల్లగా వేళ్లు విడిపించి భుజానికెత్తుకున్నాడు. అది అటు తిరిగి చౌరస్తా అంతా వినబడేలా ఏడ్చింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు. బండి కదులుతుంటే ఏడుపు మధ్యలోంచి అరిచింది, "నాయినా, మల్లెప్పుడొస్తవ్?"

నరేందర్ కిటికీలోంచి తల బయట పెట్టాడు. ముఖమంతా కన్నీళ్లు, వాటి మధ్యలో నవ్వు. అంత సంతోషంగా ఆయన్ని నేను పెళ్లిపీటల మీద కూడా చూడలేదు.

"ఖాయమైనవ్ బావా! ఇగ..." అని దామోదరన్న గట్టిగా మొదలుపెట్టి, దగ్గాడు. ఆ తర్వాతి మాట 'పో' అన్నదే. నోరు తిరగని మాటేమీ కాదు. అయినా ఆయన దాన్ని పలకలేకపోయాడు.